దాచిన డబ్బా – దారి చూపు యంత్రము

మా పెద్దమ్మాయి కుమారునకు పదుమూడేండ్లు. వాని తల్లిదండ్రులు అమెరికాలోని ఆరెగాను రాష్ట్రమున, పోర్ట్‌లాండు నగరమునకు పడమట నున్న హిల్స్‌బొరో పట్టణమున కాపురమున్నారు. ఆ పట్టణమున కంప్యూటరు చిప్పులు తయారుచేయు పెద్ద కర్మాగారములు కలవు. వానిలో పనిచేయుటకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములును అనేకము కలవు. ముప్పదిరెండేండ్లు సర్వే శాఖలో గొలుసులు లాగించి, థియోడలైటులు మోయించి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్న నేను ఒక యేట శరత్కాలమున ఆ యింటికి పోయితిని.

పోయిన మూడవనాడే వాడు తన హుండీని తెచ్చి నా ముందు కుమ్మరించెను. రెండు వేసవులు ఇరుగుపొరుగువారి ముంగిళ్ళలో పచ్చిక కోసి కూడబెట్టిన సొమ్మది. లెక్కింపగా రెండువందల డాలర్లకు మూడు తక్కువ.

"తాతయ్యా, నాకొక జీపీఎస్ యంత్రము కావలెను. ఏది కొనవలెనో నీవే చెప్పవలెను. నీవు భూమిని కొలిచినవాడవు కదా!" అనెను.

"అది యెందులకురా?" అంటిని.

"అడవిలో దాచిన డబ్బాలు వెదకుటకు."

బాలబాలికలారా, ఈ యాట పేరు జియోకాషింగు. మన దాగుడుమూతల వంటిదే. కాని దాగునది మనిషి కాదు, డబ్బా. ఒకడు నీరు చొరని డబ్బా నొకదానిని ఏ చెట్టు తొఱ్ఱలోనో, ఏ రాతి సందుననో ఉంచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను అందరకు తెలియునట్లు ప్రకటించును. తక్కినవారు ఆ యంకెలను పట్టుకొని వెదకుదురు. దొరికినచో డబ్బాలోని చిన్న పుస్తకమున తమ పేరును తేదీని వ్రాసి, డబ్బాను ఎక్కడిదక్కడనే ఉంచి రావలెను. అందులోని ఆటవస్తు వొకటి తీసికొన్నచో దానికి సమానమైనదో, అంతకు మేలైనదో అందుంచవలెను. కొన్ని డబ్బాలు చెప్పులపెట్టె అంతటివి; కొన్ని చిటికెనవ్రేలి కొన కన్న పెద్దవి కావు. వెదకుట ఎంత కష్టమో, అచ్చటికి నడచుట ఎంత కష్టమో ఒకటి మొదలు ఐదు వరకు అంకెలతో ముందుగానే తెలుపుదురు. ఇట్టి డబ్బాలు నేడు ప్రపంచమున ముప్పది లక్షలకు పైగా ఉన్నవి.

ఈ యాట పుట్టుకకు ఒక చరిత్ర కలదు. జీపీఎస్ అనునది అమెరికా రక్షణశాఖవారు తమ సైన్యముల అవసరమునకై నిర్మించుకొన్న ఏర్పాటు. దాని మొదటి ఉపగ్రహము 1978లో ఆకాశమునకు ఎగసెను. 1983 సెప్టెంబరు 1వ తేదీన కొరియా దేశపు ప్రయాణికుల విమాన మొకటి దారి తప్పి సోవియట్ దేశపు గగనతలమున ప్రవేశింపగా, ఆ దేశపు యుద్ధవిమానము దానిని కూల్చివేసెను. 269 మంది మరణించిరి. తాము దారి తప్పితిమని ఆ విమానము నడుపువారికి కడవరకు తెలియనే లేదు. అటుపిమ్మట అధ్యక్షుడు రీగన్, ఈ ఏర్పాటు పూర్తియైనంతనే సామాన్యజనులకును ఉచితముగా అందునని ప్రకటించెను.

అయినను రక్షణశాఖవారు సామాన్యులకు అందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలిపియుంచిరి. ఆ కల్తీ వలన యంత్రము చూపు స్థానము నూరు మీటర్ల వరకు అటునిటు పోవుచుండెను. నూరు మీటర్ల తప్పుతో ఓడ నడుపవచ్చును గాని, చెట్టు తొఱ్ఱలో డబ్బా వెదకుట సాధ్యము కాదు. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీని మాన్పించుచున్నట్లు ప్రకటించెను. ఆ రాత్రియే అది ఆగిపోయెను. ఎవరును ఒక్క పైసా ఖర్చు చేయకయే, ప్రపంచమందలి యంత్రములన్నియు తెల్లవారునప్పటికి దాదాపు పదింతలు నమ్మదగినవయ్యెను.

రెండు దినములు గడచెనో లేదో, మే 3న, ఇదే ఆరెగానులోని బీవర్‌క్రీక్ గ్రామ సమీపమున డేవ్ అల్మర్ అను కంప్యూటరు నిపుణుడు నల్లని ప్లాస్టిక్కు బొక్కెన నొకదానిని చెట్లనడుమ సగము వరకు పాతిపెట్టెను. అందొక వ్రాతపుస్తకము, పెన్సిలు, కొన్ని వీడియో టేపులు, ఒక ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా యొకటి ఉంచి, ఆ చోటి అంకెలను ఇంటర్నెట్టులో ప్రకటించెను. మూడు దినములలోనే ఇరువురు దానిని కనుగొనిరి. నేటి నియమముల ప్రకారము నేల త్రవ్వి పాతుట కూడదు. తినుబండారములు ఉంచుటయు కూడదు. నియమములు పుట్టకమునుపే ఆట ఆడినవాడు గనుక ఆయనను తప్పుపట్టరాదు.

ఇక యంత్రము సంగతి. దుకాణమునకు పోవకముందు అది పనిచేయు విధమును వానికి బోధించితిని. 20,200 కిలోమీటర్ల ఎత్తున సుమారు ముప్పది ఉపగ్రహములు భూమిని దినమునకు రెండుమారులు చుట్టుచున్నవి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారములు కలవు. మన చేతిలోని యంత్రము ఉపగ్రహముతో మాటలాడునని పెక్కురు భ్రమపడుదురు. అది ఒక్కమాటయు పలుకదు, వినును, అంతే. ఉపగ్రహము "ఇప్పుడు ఇంత వేళయైనది, నే నిచ్చట ఉన్నాను" అని ఎడతెగక చాటుచుండును. ఆ మాట వచ్చి చేరుటకు పట్టిన కాలమునుబట్టి యంత్రము దూరమును గణించును. సంకేతము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, గడియారమున సెకండులో పదిలక్షలవ వంతు తప్పినను దూరమున 300 మీటర్లు తప్పును. మేము మూడు కొండల శిఖరములనుండి దుర్భిణి పట్టి ఒక రాతి చోటును నిర్ణయించినట్లే, ఈ యంత్రమును మూడు దూరములచేత తన చోటును తెలిసికొనును. మరి నాలుగవ ఉపగ్రహ మెందులకు? యంత్రములోని గడియారము చవుకది. దాని తప్పును దిద్దుటకు.

అంకెలు చదువుటలో నేను వానిని మిక్కిలి కఠినముగా పరీక్షించితిని. అల్మర్ దాచిన చోటు ఉత్తర అక్షాంశము 45 డిగ్రీల 17.460 నిమిషములు, పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీల 24.800 నిమిషములు. అక్షాంశపు చివరి అంకె ఒకటి మారినచో చోటు సుమారు 1.85 మీటర్లు మారును. రేఖాంశపు చివరి అంకె ఒకటి మారినచో, ధ్రువమువైపు పోయినకొలది రేఖాంశములు దగ్గరపడును గనుక, ఆ ప్రాంతమున 1.3 మీటర్లు మాత్రమే మారును. ఇక 17.460 నిమిషములను 17 నిమిషముల 46 సెకండులని చదివినవాని గతి యేమి? వాడు అర కిలోమీటరుకు మించి ఉత్తరమున, ఎవరి పెరటిలోనో తిరుగుచుండును. యంత్రము మంచిదే, అంకెలును మంచివే. నడుమ చదివినవాడు చెడినాడు. ఇట్టిదే మరియొక చిక్కు. భూమి ఆకారమును ఎట్లు ఎంచుకొంటిమో దానినిబట్టి అంకెలు మారును. జీపీఎస్ వారి లెక్కకు 1984 నాటి ప్రపంచ ప్రమాణము ఆధారము. అమెరికాలోని పాత పటములు 1927 నాటి ప్రమాణముపై గీచినవి. పడమటి తీరమున ఈ రెంటికి నడుమ తేడా నూరు మీటర్లకు దగ్గరగా నుండును. యంత్రమున ఆ అమరిక సరిగా నున్నదో లేదో చూచుకొనని వానికి వేయి డాలర్ల యంత్రమైనను వ్యర్థమే.

ఇంత బోధించిన నేను, ఆపైన ఒక పెద్ద పొరపాటు చేసితిని. "ఫోను ఉండగా వేరొక యంత్రమెందులకు? పెద్దబ్బాయి ఫోనులోనే జీపీఎస్ కలదు గదా. మొదట దానితో ఆడుము. సొమ్ము దాచుకొనుము" అని చెప్పితిని. సలహా చెడ్డది కాదు. మైదానమున మంచి ఫోను ఐదు మీటర్లలోపుననే చోటు చూపగలదు. క్రొత్తవారు దానితో మొదలుపెట్టుటయే మేలని నేనిప్పటికిని అందును. కాని ఎక్కడికి పోవుచున్నామో ఆలోచింపక చెప్పితిని.

నవంబరు నడుమ ఒక శనివారము మధ్యాహ్నము మా అల్లుడు మమ్ములను టిల్లమూక్ అడవిలో విల్సన్ నది చెంత దింపి, ఐదు గంటలకు వత్తునని చెప్పి పోయెను. మేము ఫోనును చేత బట్టి నదిని కుడిచేతివైపున ఉంచుకొని కాలిబాటను నడచితిమి. ఆ చెట్లు చూడదగినవి. డగ్లస్ ఫర్ అను దేవదారు జాతి వృక్షములు స్తంభములవలె నిలిచియుండును. మాను మీదను నేల మీదను నాచు పరుపువలె పరచుకొనియుండును. ఆ చెట్ల క్రింద ఆకాశము ముక్కలు ముక్కలుగా మాత్రమే కానవచ్చును. ఉపగ్రహమునకును మేము అట్లే కానవచ్చితిమి కాబోలు, తెరపై మా నీలిచుక్క ఒకచోట నిలువక గంతులిడసాగెను.

కొంతదూరము పోగానే తెరపై పటము మాయమయ్యెను. చుక్క ఉన్నది, చుట్టును తెల్లకాగితము! "జీపీఎస్ చెడిపోయినది" అని వాడు ఏడుపుమొగము పెట్టెను. జీపీఎస్ చెడలేదు. ఉపగ్రహముల మాట ఫోనునకు అందుచునే యున్నది. అందనిది టెలిఫోను సంకేతము. పటము ఆ సంకేతము మీదుగా రావలసినది. ఇంటివద్దనే పటమును ఫోనులో దింపుకొనియుండినచో ఈ బాధ లేకపోవును. అందని సంకేతమునకై ఫోను మాటిమాటికి వెదకుచు తన శక్తిని వ్యయము చేసికొనెను. దానికి తోడు చలి. ఫోనుల బ్యాటరీలు చలికి త్వరగా డస్సిపోవును. నూటికి ముప్పది పాళ్ళు మిగిలియున్నదని చూపిన తెర, చూచుచుండగనే నల్లబడెను.

అప్పుడు నాలుగు గంటలు దాటినది. ఆ నెలలో ఆ సీమన నాలుగున్నర దాటిన కొలదిసేపటికే సూర్యుడస్తమించును. మేము డబ్బాకై బాట విడిచి చెట్లలోనికి చాల లోతుగా పోయియుంటిమి. మనుమడు నా చేయి పట్టుకొనెను; వాని వ్రేళ్ళు మంచుగడ్డలవలె ఉండెను. నాకును లోపల భయమే. చిన్నవానిని వెంటబెట్టుకొని వచ్చినవాడను, పరాయి దేశము, పిలిచిన పలుకువారు లేరు. ఒక్క నిమిషము కదలక నిలుచుండి చెవియొగ్గితిని. నది హోరు వినవచ్చినది. హోరు వైపునకు దిగి బాటను పట్టుకొంటిమి. పోవునప్పుడు నది కుడిచేతివైపున ఉండెను గదా, తిరిగి వచ్చునప్పుడు ఎడమచేతివైపున ఉంచుకొంటిమి. దారిపై మా అల్లుని కారు దీపములు కనుపించునప్పటికి చిమ్మచీకటి. ఆ రాత్రి మా అమ్మాయి నాతో మాటలాడలేదు.

మరునాడు యంత్రమును కొనుట నిశ్చయమయ్యెను. ఇక ఎట్టిదనునది ప్రశ్న. వాని కన్ను రంగులతెరతో, పటములతో నిండిన ఖరీదైన దాని మీద పడెను. దాని వెల వాని సొమ్మునకు రెండింతలకు మించినది. తక్కువపడిన సొమ్మును నేను ఇత్తునని వాని ఆశ. నేను ఇయ్యగలవాడనే గాని, "పరీక్షింపక కొనరాదు" అంటిని. వాని విజ్ఞానోపాధ్యాయునకును ఈ యాట యందు మక్కువ. ఆయన తన యంత్రములు రెంటిని వారము దినములకై మాకు ఎరువిచ్చెను. ఒకటి ఇరువదేండ్ల నాటి పసుపుపచ్చని చేతియంత్రము. రెండవది రెండు తరంగములపై సంకేతములను వినగల క్రొత్తది, వెలగలది.

పరీక్షకు సర్వేరాయి కన్న తగినది లేదు. ఆ దేశమున సర్వేవారు రాతిలో పొదిగిన ఇత్తడి బిళ్ళలు పెక్కుచోట్ల కలవు. వాని స్థానములు ప్రభుత్వము ప్రకటించియున్నది. అయితే అన్ని బిళ్ళలును ఇందులకు పనికిరావు. కొన్ని ఎత్తును మాత్రమే చక్కగా తెలుపును. వాని అక్షాంశ రేఖాంశములు పటముపై చూచి ఉజ్జాయింపుగా వ్రాసినవి. అది తెలిసిన నేను ఖచ్చితముగా కొలిచిన బిళ్ళనే ఎన్నుకొంటిని. మూడింటిని, అనగా ఆ రెంటిని ఫోనును, బిళ్ళపై వరుసగా ఉంచి చూచితిమి. బయలున మూడును దాదాపు సమానమే. ఇన్ని డాలర్ల భేదమునకు ఇంత స్వల్పమైన ఫలితమా యని మనుమడు విస్తుపోయెను. తరువాత చెట్లగుంపు నడుమ ఒక గుర్తుపై మరల ఉంచితిమి. ఇచ్చట బండారము బయటపడెను. పాతది ఊగిసలాడసాగెను, ఫోను అంతకు కొంత నయము, వెలగలది మాత్రము నిలుకడగా నిలిచెను. సంకేతము మానులకును కొండచరియలకును తగిలి వంకరగా వచ్చినప్పుడు, యంత్రము ఆ పొడవైన దారినే నిజమైన దూరమనుకొని మోసపోవును. రెండు తరంగములు వినునది ఆ మోసమును చాలవరకు పసిగట్టును.

నా ఫోను సంగతియు ఇచ్చట చెప్పవలెను. మన దేశపు నావిక్ ఉపగ్రహములు శ్రీహరికోటనుండి ఎగసినవి. 2013 జూలై 1న మొదటిది, 2023 మే 29న స్వదేశీ పరమాణు గడియారముతో కూడిన క్రొత్త తరము మొదటిది. నా ఫోను వానిని కూడ వినగలదని నేను వానితో గొప్పలు చెప్పియుంటిని. "ఏది, చూపుము" అనెను. ఆ ఉపగ్రహములు మన దేశముపైని, దాని పరిసరములపైని నిలుచునవి. ఆరెగాను ఆకాశమున అవి దిగంతమునకు క్రిందనే ఉండును. మనుమడు నవ్వెను. నేను ఫోనును జేబులో పెట్టుకొంటిని.

మరియొక విషయమున కూడ నా మాట వీగిపోయెను. యంత్రమున అయస్కాంత దిక్సూచి అనవసరమైన ఆడంబరమని నేను వాదించితిని. పాత యంత్రమున అది లేదు. నడచుచున్నంతసేపు దాని బాణము సరిగనే దారి చూపెను. ఏలయన అది నిన్నటి అడుగును నేటి అడుగును పోల్చి దిక్కును ఊహించును. నిలిచినంతనే దానికి దిక్కు తెలియదు. డబ్బా సమీపమునకు వచ్చి నిలిచి చూచుకొనునప్పుడే గదా దిక్కు తెలియవలసినది! ఆ సమయముననే బాణము పిచ్చిపట్టినట్లు గిరగిర తిరిగెను. దిక్సూచి ఉన్నది నిలుచున్నను దారి చూపెను. ఓడిపోయితినని ఒప్పుకొంటిని.

మరి వెలగలది ఎందులకు కొనలేదు? మేము వెదకునది బంగారము కాదు, డబ్బా. దాచినవాడు కొలిచిన అంకెలలోనే నాలుగైదు మీటర్ల తప్పు ఉండవచ్చును. అట్టి అంకెలను వెంట్రుకవాసి తప్పక చూపు యంత్రముతో వెదకుట వలన ఒరుగునదేమి? కడపటి పది అడుగులలో పనిచేయవలసినది కన్ను. తెర ఎండలో స్పష్టముగా కనబడవలెను. నలుపు తెలుపుల తెర ఇందు రంగులతెరకు తీసిపోదు. వానలో తడిసినను చెడరాదు. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నను తట్టుకొను రకములు కలవు. మీటలు చేతితొడుగులతో నొక్కుటకు వీలుగా నుండవలెను. వీటన్నిటికంటె నేను పట్టుబట్టినది బ్యాటరీ. తనలోనే బిగించిన బ్యాటరీ ఆరిపోయినచో అడవిలో దిక్కులేదు. పెన్సిలు సెల్లులతో నడచు యంత్రమైనచో జేబులో రెండు సెల్లులు వేసికొని పోవచ్చును. చలిలో మామూలు ఆల్కలైను సెల్లుల కన్న లిథియము సెల్లులు చాల మెరుగు.

తుదకు కొన్నది గార్మిన్ వారు 2023లో విడుదల చేసిన ఈట్రెక్స్ ఎస్‌ఈ అను చిన్నది. అందు పటములు లేవు. అదియే దాని లోపము. రెండు పెన్సిలు సెల్లులతో 168 గంటలు నడచునని తయారుచేసినవారి లెక్క. అమెరికా ఉపగ్రహములనే గాక రష్యా, ఐరోపా, చైనావారి ఉపగ్రహములను కూడ వినును. దిక్సూచి కలదు. సొమ్ము కొంత మిగులగా, వాడు లిథియము సెల్లులును, ఈలయు, తలకు కట్టుకొను దీపమును, రేకుడబ్బాలోని మామూలు దిక్సూచి నొకదానిని కొనెను. కాగితపు పటమును నేను కొనియిచ్చితిని. మా అమ్మాయి ఆ సామగ్రినంతయు బల్లపై పరపించి చూచి, అప్పుడు గాని మరల అడవికి పోవుటకు సెలవీయలేదు.

నేను తిరుగు ప్రయాణము కట్టుటకు ముందు ఆదివారమున బీవర్‌క్రీక్ పోయితిమి. అల్మర్ బొక్కెన నేడచ్చట లేదు. ఆ చోట 2003లో ఈ యాట అభిమానులు ఒక స్మారకఫలకమును నెలకొల్పిరి. అంకెలను వాడే స్వయముగా ఎక్కించెను. నేను వెనుకనుండి ఒక్కొక్క అంకెను చదివి సరిచూచితిని. సన్నని వాన కురియుచుండెను. బాణము వెంట నడచి, మూడు మీటర్లని చూపినచోట యంత్రమును జేబులో వేసికొని, వాడు మోకాళ్ళపై వంగి వెదకెను. ఫలకము దొరికెను, డబ్బాయు దొరికెను. పుస్తకమున వాడు మొదట ఇంగ్లీషులోను, పిమ్మట ఒక్కొక్క అక్షరమును నన్నడిగి తెలుగులోను తన పేరు వ్రాసెను. "తాతయ్యా, నీవును వ్రాయుము" అని పెన్సిలు నా చేతికిచ్చెను. నా పేరు వ్రాసి, దాని క్రింద నా పాత ఉద్యోగమును కూడ వ్రాసితిని. పుస్తకమును లోపలపెట్టి మూత బిగించుచు, "చిక్కుడుగింజలు లేవేమి, తాతయ్యా?" అని వాడు అడిగెను.